మూడో నంబరు బండి

పొగమంచు పట్టిందంటే మా బ్ర్నిక్‌లో
చాపిన చేతికి వేళ్లుండవు.
పందొమ్మిది శీతాకాలాలు
నా పసుపు బండి వీపు మీద
"నా వెంట రండి" అనే వెలుగక్షరాలు మోస్తూ,
గుడ్డి ఎద్దుని ముకుతాడు పట్టి కొట్టానికి తెచ్చినట్టు
విమానాల్ని గేటుదాకా తెచ్చాను.
వెనక్కి చూసేవాణ్ణి కాదు.
ఇంజన్ల రొద మెడకి తగిలితే చాలు,
వస్తున్నట్టే.

ఇప్పుడు నన్ను పిలవడం తక్కువ.

నిన్న రాత్రి కెప్టెన్ ద్రాగిత్సా
"రా అలోయ్జ్, చూద్దువుగాని" అని కాక్‌పిట్‌లోకి పిలిచింది.
అద్దాల బయట సున్నం కొట్టిన గోడ.
లోపల అరచేతంత తెర మీద
నా విమానాశ్రయం మొత్తం,
ఇస్త్రీ చేసిన చొక్కాలా, ముడతన్నది లేకుండా.
పోవాల్సిన దారి గులాబీ గీత,
దాటకూడని చోట ఎర్ర గీత.
విమానమేమో చిన్న త్రికోణం,
చీమంత ఓపిగ్గా జరుగుతుందట.

"మరి బి మలుపులో గతుకేదీ?" అన్నాను.
నా నడుం లెక్కపెట్టుకున్న గతుకది.
నవ్వింది. "దీనికి తెలీదు."
కాస్త గర్వపడ్డాను, అబద్ధమెందుకు.
కుందేళ్లూ లేవందులో,
రన్‌వే అంచున గడ్డి కొరికేవి,
హారన్ కొట్టకుండా నేను ఆగేవి.

దిగబోతుంటే వేలు పెట్టి చూపించింది:
గేటు పక్కన పసుపు చుక్క, దాని మీద మూడు.
"ఇది నువ్వే."

ఇన్నేళ్లూ ఆ మంచులో
అక్షరాలే గాని నేను కనిపించననుకుని
పాటలు పాడుకున్నాను, ముక్కు చీదుకున్నాను,
ఒకసారి బండి ఆపుకుని ఏడ్చాను కూడా.

తలుపు తీసి కూర్చునే ముందు
టోపీ సరిచేసుకున్నాను.