లోపలికెళ్ళినప్పుడు

కుళాయి కింద ఒక్కసారి రుద్దితే
పోయింది సిరా.
మూడు సూత్రాలు, ఒక నిర్వచనం,
ఎడం అరచేతిలో చెమటకి
అప్పటికే సగం అలుక్కుపోయినవి.

అమ్మ చేతులు అలా కావు.
కాశీబుగ్గ జీడి బట్టీలో
పద్నాలుగేళ్ళుగా పిక్కలు కొట్టిన వేళ్ళు.
బూడిద రాసినా, ఆముదం రాసినా
పండక్కి కూడా తెల్లబడవు.

ఇరవై అయిదుకి ఇరవై మూడు.
కూర్మనాథం మాస్టారి ఎర్ర పెన్ను.
అమ్మ కాగితం ముట్టుకోలేదు.
"మరకైపోద్ది, నువ్వే పట్టుకో" అని
బల్బు కిందకి జరిగి
చదవడం రాని కళ్ళతో
ఆ అంకెని చాలాసేపు చూసింది.
పక్కింటి మోహినమ్మకి చెప్పింది.
పాలు పోసే గుంటడికీ చెప్పింది.
నేను గోడమీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం
తలుపు దగ్గరగా వేసి కొప్పు విప్పింది.
నాలుగు గుండు పలుకులు
చాప మీద దొర్లాయి.

బట్టీ గేటు దగ్గర మేస్త్రీ
కొంగులు దులిపిస్తాడు,
కేరేజీ గిన్నెలు తెరిపిస్తాడు.
పద్నాలుగేళ్ళలో ఒక్క బద్దయినా తేని మనిషి!
"తినీ. లెక్కలొచ్చిన బుర్ర కదేటి."

ఒకటి తిన్నాను.
అబద్ధమెందుకు, బాగుంది.
రెండోదానికి చెయ్యి వెళ్ళలేదు.

రాత్రి కరెంటు పోయాక చెప్పాను.
చీకట్లో తేలికనుకున్నాను.
అమ్మ మొహం కనపడకపోతే
మాట తర్వాత మాటకి
ఎంత దూరమో అప్పుడు తెలిసింది.
విసనకర్ర ఆగింది.
తిట్టదేం, కొట్టదేం అని కాచుక్కూచున్నాను.
ఎప్పటికో,
"మరైతే నానెందుకు తెచ్చినట్టు?" అంది.
నన్ను కాదు అడిగింది.

పొద్దున్నే మూడు పలుకులూ
మళ్ళీ కొప్పులో పెట్టి ముడేసుకుంది.
నాలుగోదాని సంగతి ఇద్దరం ఎత్తలేదు.
"దొరికిపోతావేమోనే అమ్మా."
"బయటికొచ్చినప్పుడే ఎతుకుతారే.
లోపలికెల్లినప్పుడు ఎవులూ సూడరు."

రైలు గేటు పడింది.
బొగ్గు బండి.
పెట్టెలు లెక్కపెడుతూ
యాభై దగ్గర తప్పాను.
పట్టాల అవతల తనకి బట్టీ, నాకు బడి.
నా సంచిలో నాలుగు మడతల కాగితం.
అమ్మ ఒకసారి కొప్పు తడిమి చూసుకుంది.
నేను ఎడం అరచెయ్యి తెరిచాను.
శుభ్రంగా ఉంది,
ఎవరిదో చెయ్యిలా.

గేటు ఇంకా లేవలేదు.