ఏడో నంబరు అట్టముక్క

తోరున్‌లో జనవరి. కిటికీ అవతల విస్తులా నది
సగం గడ్డకట్టి, సగం ఏమీ తేల్చుకోలేక.
బల్ల మీద నా విమానమూ అంతే.

ముక్కు కుదిరింది. తోక కుదిరింది.
మధ్యలో ఏడో నంబరు అట్టముక్క
అర మిల్లీమీటరు లావు.
అర మిల్లీమీటరంటే ఎంత?
ట్రాము తలుపు సందులో ఇరుక్కున్న టికెట్టంత.
ముప్ఫయ్యేళ్లు ట్రాము నడిపాను, పట్టా తప్పలేదు.
ఈ కాగితం పొట్ట మాత్రం
ఎడమవైపు అతికిస్తే
కుడివైపు నోరు తెరుస్తుంది.

గీసినవాణ్ణి తిట్టాను. కత్తెరని తిట్టాను.
అట్ట చెమ్మ పీల్చిందని నదిని కూడా తిట్టాను.
కాగితానికి అంటని జిగురు
నా బొటనవేలికీ చూపుడువేలికీ
బ్రహ్మముడి వేసింది.

హల్ష్కా దర్జీ.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసింది.
"నలభయ్యేళ్లుగా కుడుతున్నా.
కాగితం మీది కొలతకి సరిపోయిన ఒళ్లు
ఒక్కటీ నా గుమ్మం తొక్కలేదు" అంటూ
ఉప్పు దోసకాయల సీసా లేబులు చించి
ఆ చీలికలో ఇరికించింది,
చొక్కా చంకలో అతుకు వేసినట్టు.

ఇప్పుడది లైటు పక్కన దారానికి వేలాడుతోంది,
ఎడమ రెక్క కాస్త వాలి,
ఎవరో పిలిస్తే వెనక్కి తిరగబోతున్నట్టు.
కింద పడుకుని చూస్తే
యుద్ధవిమానం పొట్ట మీద
ఆకుపచ్చ దోసకాయ, సగం.

పై అంతస్తు కాయెతాన్, ఆరేళ్లవాడు,
అది ఏ దేశం గుర్తని అడిగాడు.
హల్ష్కా సూదిలో దారం ఎక్కిస్తూ నా వంక చూసింది.

పెట్టెలో పదకొండో నంబరు ముక్క మిగిలే ఉంది.
ఎక్కడిదో తెలీదు.
పారేయడానికి చెయ్యి రావడం లేదు.