లాభం, రెండు, మూడు

మార్చి నెల, తెల్లారి ఆరు.
జాల్ అజ్-జోర్ గట్టు మీద రెండు మడతకుర్చీలు,
ఒక ఫ్లాస్కు, డబ్బాలో ఖర్జూరాలు,
బూ యాకూబ్ ఒళ్ళో గళ్ళ పుస్తకం.
కింద ఉప్పునేల, ఆ తర్వాత సముద్రం,
అవతల, మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డట్టు
కువైట్ సిటీ.

ఆయన కళ్ళల్లో నడిమి చూపు పోయింది.
అంచులు మిగిలాయంటాడు,
పళ్ళెంలో అన్నం అయిపోయి
చుట్టూ మెతుకులున్నట్టు.
గీతలు పెట్టుకోడానికి ఆ అంచులు చాలు.
ఆకాశానికి చాలవు.
అందుకని వంటిల్లు వదిలి నేనొచ్చాను.

నాకెవరూ నేర్పలేదు.
చిట్వేలి దగ్గర మా పెరట్లో
పదకొండు కోడిపిల్లల్ని కాసినదాన్ని, ఏడేళ్ళప్పుడు.
గద్ద ముందు నేలమీద కనపడుతుంది,
పైన కనపడేది తర్వాతే.
నీడ పెంటకుప్ప దాటకముందే
రేకుడబ్బా మోగించి అరవాలి.
సాయంత్రానికి పదకొండు తొమ్మిదైతే
మా జేజి నన్నే లెక్కగట్టేది.

ఎనిమిదిన్నరకు రాళ్ళు వేడెక్కుతాయి.
అప్పుడొస్తాయి, దక్షిణం నుంచి.
నీళ్ళ మీదికి పోవు, గట్టునే పట్టుకొస్తాయి,
రెక్క కొట్టకుండా,
పైన ఎవరో పెద్ద గిన్నె తోముతున్నట్టు
గుండ్రంగా, గుండ్రంగా.
ఏడు వేళ్ళు విప్పితే ఉగాబ్.
తోక చీలితే మా ఊరి గద్దే.
దాన్ని చూస్తే ఇప్పటికీ
చెయ్యి రేకుడబ్బా కోసం తడుముతుంది.

"లాభం," అంటాను.
వడ్లు కొలిచేటప్పుడు మావాళ్ళు ఒకటి అనరు.
మొదటి మానిక లాభం. ఆ పైన రెండు.
మొదటిరోజు ఆయన పెన్ను ఆగింది.
లాభం ఏ జాతి పిట్ట?
వంటింటి అరబ్బీలో చెప్పాను.
చాలాసేపు నవ్వి
ఆ గడిలో ఏదో రాసుకున్నాడు. నాకు చదవరాదు.
ఇప్పుడు నాకంటే ముందే అంటాడు:
లాబం. రెందు. మూదు.

ఎడమన తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు, కుడిన సెల్ టవరు.
ఆ రెంటి మధ్య గీత దాటిందే లెక్క.
దాటి వెనక్కొస్తే తీసెయ్యాలి.
గీసిన గీత కొట్టేయడం ఆయనకు పడదు.
అందుకని వెనక్కొచ్చిన ప్రతిదానికీ
నా జేబులో ఒక ఖర్జూరం గింజ.

పిట్టలకు అకామా అక్కర్లేదు చూడు అంటారు
శుక్రవారం బకాలా ముందు నిలబడి మావాళ్ళు.
వాళ్ళెవరూ ఈ గట్టెక్కలేదు.
ఉత్తరపుగాలికి ఎదురు
ఒక్క బారెడు ముందుకు జరగడానికి
ఎన్నిసార్లు పక్కకు ఒరగాలో చూడలేదు.

పంతొమ్మిదో తారీకు లోయలోంచి తుపాకి.
ముప్పైనాలుగు అనేశాను,
ముప్పైఅయిదు నోట్లో ఉంది.
అది వెనక్కి రాలేదు. ముందుకూ పోలేదు.
గింజ వెయ్యాలో వద్దో తెలీక
పిడికిట్లోనే పట్టుకున్నాను.
"గీత దాటిందా, రెడ్డెమ్మా?"
దాటాకే, అన్నాను.
"అయితే వచ్చినట్టే."
గీత పెట్టాడు. తర్వాత చాలాసేపు
పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

ఇవాళ నాలుగువందల పన్నెండు. గింజలు తొమ్మిది.
తీసివేత ఆయన నోటితోనే చేస్తాడు,
పుస్తకం మూసేసి, మొహం సముద్రం వైపు పెట్టి.
డ్రైవర్ సలీల్ కారులో నిద్ర లేచాడు.
ఫ్లాస్కులో అడుగు చాయ్ నేను పారబోస్తుంటే
చిట్టచివర ఒకటొచ్చి
గీతకు ఇవతలే రాయి మీద దిగింది.
రాత్రికి ఇక్కడే కాబోలు.

చెప్పాను.
రాసుకోలేదు. కుర్చీ మడుస్తూ,
"రేపటి లాబం," అన్నాడు.

మలుపులో కారు లైట్లు దాని మీద పడ్డాయి.
తల తిప్పింది, అంతే.
ఏడు వేళ్ళూ ముడుచుకునే ఉన్నాయి.