నలభై అయిదో నిమిషం

నవంబరు చివరి మంగళవారం
హల్ ఊళ్ళో, హెజిల్ రోడ్డు మీది పబ్బు పైగదిలో
మేం అయిదుగురం పేపర్లు దిద్దుతాం.
పరీక్ష రాసినవాళ్ళెవరూ రారు.
ఉన్నదొక్కటే రికార్డు, టిన్ హొరైజన్.
డెబ్భై మూడులో అచ్చు, తొమ్మిది పాటలు,
అట్ట మూలలు ఎలుకలు కొరికినట్టు.

ముల్లు క్లైవ్ ఆస్లరే దించాలి.
ఇంకెవర్నీ ముట్టనివ్వడు.
ట్రాలర్ల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు
ఇక్కడికొచ్చేసరికి ఉగ్గు పోసే చేతులవుతాయి.

మొదటి పాటకి ఎనిమిది, ఎనిమిది, ఎనిమిదిన్నర.
ఆ అర, కొసరు.
మావిస్ ఎప్పుడూ కొసరేస్తుంది,
నలభై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో తూకం చూసింది కదా.
రెండోది డ్రమ్ముల పాట.
కీరన్‌కి పంతొమ్మిదేళ్ళు, పదికి పదీ ఇచ్చేశాడు.
"ఇంకా ఏడున్నాయి నాయనా, చిల్లర దాచుకో" అన్నాడు క్లైవ్.
నాలుగోదానికి, కుక్క మీద కట్టిన పాటకి,
ప్రతి ఏడూ అత్తెసరు మార్కులే,
ప్రతి ఏడూ గొడవే.
లెన్ పికరింగ్ ఒక్కడే దానికి తొమ్మిది వేసి
కోటు తొడుక్కుని వెళ్ళిపోతానంటాడు.
వెళ్ళడు. బయట వాన.

ఈ గుంపుకి నేను కొత్త.
మార్చిలో క్లైవ్‌కి డయాలసిస్ సూది గుచ్చుతూ
ఈల వేశాను, మూడో పాట మధ్యలోని గిటారు ముక్క.
సూది సంగతి మర్చిపోయి
"ఎక్కడ విన్నావ్?" అన్నాడు.

విశాఖలో. పూర్ణా మార్కెట్ వెనక
క్యాసెట్లు నింపే కొట్టు.
తొంభై నిమిషాల టేపు, పక్కకి నలభై అయిదు.
ఆల్బం నలభై ఎనిమిది.
చివరి పాటలో గాయకుడు ఊపిరి బిగబట్టి
రెండుసార్లు తడబడి
"ఫర్" అనేవాడు.
టక్.
టేపు అయిపోయేది.

ఆ ఫర్ తర్వాత ఏముందో
ముప్ఫై ఒక్క ఏళ్ళు నేనే పూరించుకున్నాను.
ఇంటర్ తప్పిన ఏడాది, ఫర్గెట్.
అక్కతో మాటల్లేని రెండేళ్ళూ ఫర్గివ్,
ఎవరు ఎవర్నన్నది తేలలేదు.
పెళ్ళప్పుడు ఫరెవర్.
విడాకుల కాగితం మీద సంతకం పెడుతూ
మళ్ళీ ఫర్గెట్.
అవధానంలో సమస్య ఇచ్చినట్టు
పాదం ఒక్కటే, పద్యాలెన్నో.
ఫోనులో నొక్కితే వినిపించేదే.
నొక్కలేదు.

ఇవాళ తొమ్మిదో పాట.
ముల్లు లోపలి గాళ్ళలోకి జారుతోంది.
నా పెన్సిలు ముందే పది రాసేసింది.
ఊపిరి బిగబట్టాడు. తడబడ్డాడు.
ఫర్

నిచర్.

ఫర్నిచర్ పట్టుకుపోయారట.
అద్దె బాకీకి మనుషులొచ్చి
బల్లా, బీరువా, రెండు కుర్చీలూ.
ఆ తర్వాత మూడు నిమిషాలు
ఒక ట్రంపెట్
అక్కడా ఇక్కడా తగులుకుంటూ దిగడం.

నవ్వొచ్చింది నాకు. ఆపుకోలేనంత.
ఇంకెవరూ నవ్వలేదు.
మావిస్ కిటికీ వైపు తిరిగి ఉంది.
"మా అమ్మ అద్దాల బీరువా.
ఈ వీధి చివరింట్లోంచే.
మెట్ల మలుపులో ఇరుక్కుపోతే
నాన్నే ఒక కొస పట్టాడు, వాళ్ళకి సాయంగా."
చేపల బరువు చదివే గొంతుతోనే చెప్పింది.
పది వేసింది.
కొసరు వేయలేదు.

క్లైవ్ చిట్టా పట్టుకుని నాకోసం ఆగాడు.
నా పది మీద రబ్బరు రుద్దాను,
కాగితం పల్చబడింది.
తొమ్మిదంటే దిష్టిచుక్క పెట్టినట్టుంది,
ఏడంటే అబద్ధం.
"వచ్చే ఏడు వేస్తాను" అన్నాను.
"ఆబ్సెంట్ అని రాసుకో" అన్నాడు లెన్.

కింద ఎవరి బాణమో బోర్డు నడిమధ్య దిగినట్టుంది, ఒకటే కేకలు.
పాట అయిపోయినా పళ్ళెం తిరుగుతూనే ఉంది.
చివరి గాడిలో ముల్లు
టక్, టక్, టక్.
క్లైవ్ లేవలేదు.
నా వైపు చూసి గడ్డంతో సైగ చేశాడు.
వెళ్ళి
నేనే ఎత్తాను.