ఊ కొట్టేంత వేగం

ఇరవై రెండేళ్లుగా డండీలో బస్సు నడుపుతున్నాను,
నిమిషాలకు కట్టుబడి బతికే ఉద్యోగం.
యాభై దాటాక, నా రక్తపోటు చూసి
డాక్టరమ్మ పెదవి విరిచాక
పరుగు మొదలుపెట్టాను, టే నది ఒడ్డున.

మొదటి రోజు రైలు వంతెన దాకా వెళ్లి రావడానికి
ముప్పై నాలుగు నిమిషాల పది సెకన్లు.
ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి రాశాను.
రెండోసారి ముప్పై మూడు నలభై.
మూడోసారి ముప్పై మూడు ఐదు.
అంకె తగ్గినప్పుడల్లా
ఏదో అప్పు తీరుతున్నట్టుండేది.
తగ్గని రోజున
ఎన్ని పాలు పోసినా టీ చేదే.

తొమ్మిదో పరుగు.
పన్నెండు సెకన్లు ఎక్కువ.
'ఎదురుగాలి' అని రాసుకున్నాను.
ఆ రోజు గాలే లేదు.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
నది మీద తడి దుప్పటిలా పడుంది.
పిక్కకు ముందువైపు ఎముకలో
ఎవరో చిన్న సుత్తితో తడుతున్నారు,
లోపలినుంచి.

ఎఫీ గెడ్డిస్ నన్ను దాటి పోలేదు.
వెనకనుంచి వచ్చి పక్కన చేరింది.
అరవై తొమ్మిదేళ్లు.
పదిహేనో ఏట జనపనార మిల్లులో చేరిన మనిషి.
మగ్గాల హోరులో మాట వినపడక
పెదాల కదలిక చూసి కబుర్లాడుకున్నవాళ్లు.
అందుకే ఆమె నా రొప్పు వినలేదు, చూసింది.
"నీ నోరు ఒడ్డున పడ్డ చేపలా ఉంది, డ్రైవరూ.
నేనో కథ చెబుతాను, నువ్వు ఊ కొట్టు."

మిల్లు మేస్త్రీ పెట్టుడు పళ్లు
నార కట్టల్లో పడిపోయిన కథ.
ఊ అనబోయాను.
ఊ రాలేదు.
ఊపిరొక్కటే వచ్చింది, అదీ సగం.
ఆమె కథ ఆపేసింది,
అలిగి కాదు,
దారం తెగితే మగ్గం ఆపినట్టు.
నేను అడుగు తగ్గించాను. ఊ అన్నాను.
ముడి పడింది.
కథ కదిలింది.

అలా పద్నాలుగు వారాలు.
పళ్లు ఇంకా దొరకలేదు.
మధ్యలో ఆమె చెల్లెలి పెళ్లి వచ్చింది, సమ్మె వచ్చింది,
ఒక పిల్లి కూడా వచ్చింది.
సుత్తి ఏ రోజు ఆగిందో నాకు తెలీదు.

బస్సు ఆలస్యమైతే తిడతారు జనం.
మా డిపోలో అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది:
వేళకు ముందే స్టాపుకొచ్చి
ముందే వెళ్లిపోవడం.
ఆదరాబాదరా వచ్చిన పెద్దాయన
ఖాళీ రోడ్డు చూసి నిలబడిపోవడం.
ఈ సంగతి కొత్త డ్రైవర్లకు నేనే చెబుతుంటాను.
చెబుతూనే, తొమ్మిది పరుగులూ ముందే వెళ్లిపోయాను,
స్టాపులో నా మోకాళ్లు
చిల్లర గుప్పిట్లో పట్టుకుని నిలబడుండగా.

అంకెలంటే కోపమేమీ లేదు.
నెలకోసారి ఎఫీయే అంటుంది,
"ఈవేళ కథ లేదు, పో."
ఆ రోజు దీపస్తంభాలు వెనక్కి పారిపోతాయి.
ఆ రోజు గడియారం చూస్తాను, సిగ్గుపడకుండా.
మొన్న ముప్పై ఒకటి ఇరవై.
ఫ్రిజ్ మీద రాయలేదు.
అబద్ధం. రాశాను.
చిన్న అక్షరాలతో.

నిన్న ఓ కుర్రాడు మమ్మల్ని దాటిపోయాడు,
కొత్త బూట్లు,
నాలుగడుగులకోసారి మణికట్టు మీద కన్ను,
ఒడ్డున పడ్డ చేప నోరు.
ఎఫీ నా వైపు చూసింది, ఇక నీ వంతన్నట్టు.
వాణ్ణి అందుకుని నిదానం నేర్పాలంటే
నేను ఉరకాలి.
నవ్వొచ్చింది. ఉరకలేదు.
వంతెన దగ్గర నడుం మీద చేతులేసుకుని
వాడు ఆగక తప్పదు,
ఆ చోటు నాకు బాగా తెలుసు.
నా దగ్గరా ఉన్నాయి కథలు,
ఆఖరి ట్రిప్పు ప్రయాణికులవి.

అప్పటిదాకా ఏం తోచక
ఎఫీని అడిగాను,
ఒక్క ఊపిరిలో, మధ్యలో ఎక్కడా తెగకుండా:
"ఇంతకీ ఆ మేస్త్రీ అన్నాళ్లూ పళ్లు లేకుండా ఏం తిన్నాడు?"