రెండు గీరల బాకీ

పొద్దుగాల నాలుగున్నరకు
సెల్లు పండ్ల నడుమ పట్టుకొని, దాని ఎల్తురుల
సీటు లేపి ఆయిల్ పోసిన.
లీటరు డబ్బ కడుపు పిసికి ఆఖరి చుక్క దాక పోసిన.
గంతల సెల్లు మోగింది. నోట్లనే మోగింది,
పండ్లు జిల్లుమన్నయి.
మేస్త్రి: "ఇంకిద్దరొస్తున్నరు, జల్ది రా."
సీటు దించిన. చేతులు ప్యాంటుకు తుడుసుకున్న.
అన్నీ చేసిన అనుకున్న.

ఎనుక డాలల పద్నాలుగు మంది,
సద్దిగిన్నెలు, పత్తి ఏరే జోలెలు, ఒక పసిపోరి.
మోకాళ్ల నొప్పుల కుర్మమ్మ ముంగట, నా పక్కన.
ఛోటా హాథీల ఇంజన్ ఏడుంటదో తెలిసినోళ్లకు తెలుసు,
ఆమె సరిగ్గ దాని నెత్తి మీద కూసున్నది.

తెలకపల్లి దాటినం.
"కొడుకా, పోపు మాడుతున్నది" అన్నది.
"వరి కొయ్యలు కాలవెడుతున్నరవ్వా, అద్దం ఎక్కియ్యి" అన్న.
అద్దం ఎక్కియ్యను హ్యాండిల్ లేదు. ఊడి ఏడాదాయె.
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని
మల్లొక కిలోమీటరు ఊకున్నది.
ముప్పై ఏండ్లు హాస్టల్ పిల్లలకు వండిన ముక్కు అది.
నాకేమో రెండేండ్ల లైసెన్సు.

వాగు మోరీ కాడ గతుకు.
సీటు సందులకెల్లి నీలం పొగ,
ముందు ఊదుబత్తి లెక్క సన్నగ,
తర్వాత సన్నగ కాదు.
ఎనుకకెల్లి డాల గుద్దుతున్నరు:
"ఆపుర, ఆపుర, ఆపు!"

సీటు లేపిన.
బాలింతకు ఆముదం అంటినట్టు
ఇంజన్ నెత్తి నుంచి కాళ్ల దాక నూనె.
తీగలన్నీ తడిసి, సైలెన్సర్ మీద పడ్డ చుక్క
పడ్డట్టే పొగైతున్నది.
నడుమ ఒక బొంద, నోరు తెరిసి.
మూత లేదు.
అంగీ మరిసి అంగడికి పోయినోని లెక్క
నిలవడ్డ రోడ్డు మీద.

ఎనక్కి నడిసిన, వంగి, తుప్పలు పక్కకు జరుపుకుంట.
దొరికినయి: ఎడమకాలి చెప్పు, గుట్కా పొట్లాలు,
ఎండిన తొండ, ఎవరిదో సగం నంబరు ప్లేటు.

తిరిగొచ్చేసరికి మన్నెమ్మ పని మొదలువెట్టింది.
చేనుగట్టున దొరికిన మక్కబెండు,
దాని మీద సద్దిమూట కవరు రెండు సుట్లు,
పైన పసిపోరి జడ రిబ్బను.
బొందల పెట్టి రాయితోటి రెండు తట్లు తట్టింది.
"కల్లు సీసకు బిరడ పెడుతలేమా, ఇది గంతే" అన్నది.
డాలలకెల్లి ఎవరో:
"కుండ మూతికి మూకుడుంటది, ఊరి మూతికుండదంటరు.
నీ బండి ఏ దిక్కుర?"
ఇగ నవ్వుడే నవ్వుడు. పసిపోరి సుత, ఏం సమజ్ గాకున్నా.

కుర్మమ్మ నవ్వలె.
"ఎట్లుంటది ఆ మూత?"
"నల్లగ. గుండ్రంగ. అంచుకు గాట్లు. గింత."
ఆమె కొంగు ముడి ఇప్పింది.
మడత పెట్టిన ఆధార్ జిరాక్సు, పోకచెక్క, ఇరవై నోటు,
మూత.
"సీటు మీద ఉండె. పారేసిందనుకున్న బిడ్డా.
మా మనుమని బండికి గీర అయితదని."

కొంచెంసేపు ఎవ్వరు మాట్లాడలె.
తర్వాత మాట్లాడిండ్రు, అందరొక్కసారే.

ఎవరి బైకో ఆపి ఆయిల్ తెప్పిచ్చి,
లింగాల చేన్ల దిగేసరికి పొద్దు బారెడెక్కింది.
మంచు ఆరితే పత్తి తూకం పడిపోతది.
కిలోల లెక్కన కూలి.
ఎంత తగ్గిందో వాళ్లు చెప్పలె,
అడిగే మొకం నాకు లేదు.
కిరాయి పైసలు ముట్టలె.

ఆ మక్కబెండు ఇంక డాష్‌బోర్డు మీదనే ఉన్నది,
నూనె పీల్చి నల్లగ.
మొన్న మౌలాలి షెడ్డుల పాత మూతలు కుప్ప కెలికి
రెండు ఏరుకొచ్చి కుర్మమ్మకు ఇచ్చిన.
ఎండకు పట్టి చూసింది. గోటితోటి మడ్డి గీకింది.
"రెండు గీరలకు ఎడ్లబండే అయితది.
మావోనికి లారీ కావాలెనట" అన్నది.