నువ్వుగింజ

పోయిన జూన్‌లో అనుకుంటా.
కాదు, అంతకు ముందు జూన్.
జునిపర్ పొదలు నరికి వచ్చి
ఆవిరిగదిలో మోకాలి వెనక గోక్కుంటుంటే
నేనే చూశాను ఆర్వెడ్,
నువ్వుగింజంత పిడుదు.
పట్టకారుతో లాగి వేడిరాళ్ల మీద వేస్తే
చిటుక్కుమంది. నవ్వుకున్నాం.
సారేమా దీవిలో పిడుదు కుట్టని కాలుందా?

చలికాలానికి
నీ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ
గుంటపడింది.
వెన్న రాసుకునే చెక్కకత్తి చెక్కుతూ
చాకు జారవిడిచావు.
ముప్పై ఏళ్లలో
ఒక్క పెచ్చు ఎక్కువ లేపని చెయ్యి.

రక్తంలో లైమ్ ఆనవాలుందన్నారు.
నాకెంత సంతోషమేసిందో
చెప్పుకోడానికి సిగ్గు.
మందున్న జబ్బు,
ఎనిమిది కాళ్లున్న శత్రువు.
ఇరవై ఒక్క రోజులు సీసాలోంచి
చుక్కా చుక్కా లెక్కపెట్టాను.
ఇరవై రెండో రోజు
నీ చొక్కా గుండీ నేనే పెట్టాను.

తార్తులో డాక్టర్ కుల్దార్
వెన్నునీరు తీయించి చూసింది. అందులో ఏమీ లేదు.
"ఆ ఆనవాలు మీ దీవిలో ఎంతమందికో ఉంటుంది,
మీక్కూడా ఉండొచ్చు" అంది నాతో.
ఇది మోటార్ న్యూరాన్ వ్యాధి, అంది.
"మరి పిడుదు?"
"వెతికారు. వెతుకుతున్నారు.
రెంటినీ ముడివేసే దారం ఇంతవరకు దొరకలేదు."

ఆ 'ఇంతవరకు'ని జేబులో పెట్టుకుని
ఫెర్రీ ఎక్కాను.

లాత్వియాలో ఎవరో ఏడాదిపాటు ఆ మందే వాడి
లేచి నడిచారట, పక్కింటి సల్మే చెప్పింది.
ఆ ఎవరోకి
పేరు లేదు, ఊరు లేదు.
అయినా మూడు రాత్రులు
ఆయన మా వంటింట్లో నడుస్తూనే ఉన్నాడు.

గడ్డి మొదలంటా కోయించాను.
నీ బూట్లు తగలబెట్టాను.
తుక్స్‌ని కొట్టంలో కట్టేశాను,
అదే మోసుకొచ్చిందేమో బొచ్చులో అని.
రోజూ దువ్వి, దొరికిన ప్రతి పిడుదునీ
జాం సీసాలో వేసి మూత బిగించి
దీపానికి ఎదురుపట్టి అడిగేదాన్ని:
నువ్వేనా?
అవి గాజు ఎక్కేవి, జారేవి.

నిన్న సాయంత్రం
నీ కళ్లముందు అక్షరాల పలక పట్టుకున్నాను.
నీళ్లా? తలగడా? నొప్పా?
నీ చూపు ఒక్కో అక్షరం మీద
పిట్టలా వాలి, ఆగి, ఎగిరి
మళ్లీ వాలింది.
కూడబలుక్కుంటే
కుక్క పేరు.

కట్టు విప్పాను.
బురదకాళ్లతోనే వచ్చి
నీ కదలని చేతికింద తల దూర్చింది.
దువ్వెన నా చేతిలోనే ఉంది.
ఈ రాత్రికి
దువ్వలేదు.